చావు మడత

హువేయ్ ఊళ్లో ఏ ఇంటి తలుపు తట్టినా చిన్‌హాయ్ మిల్లులో నేసిన తువ్వాలు ఒకటైనా ఉంటుంది. ఎక్కడ ఉంటుందన్నది మాత్రం అడగకూడదు. స్కూటరు సీటు కింద ఉంటుంది, పొయ్యి గట్టు మీద ఉంటుంది, కుక్క పడుకునే మూల ఉంటుంది. మొహం కడుక్కునే చోట ఉండదు. ఎందుకంటే అది చావింటి తువ్వాలు. ఎవరైనా పోతే, వచ్చి దణ్ణం పెట్టి, డబ్బు పెట్టిన తెల్ల కవరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ ఇంటివాళ్లు పెట్టెలో ఒక తువ్వాలు పెట్టి ఇస్తారు. పుచ్చుకున్నవాళ్లు "మళ్లీ కలుద్దాం" అనకుండా వెళ్లిపోతారు. తువ్వాలు ఇచ్చారంటే ఇక్కడితో తెగింది, కన్నీళ్లు తుడుచుకుని సాగిపొమ్మని. అలాంటిదాన్ని ఇంటికి తెచ్చి బుగ్గలకు అద్దుకునే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ ధైర్యం లేకపోవటం మీదే చిన్‌హాయ్ వాళ్ల లియావ్ కుటుంబం ఒక తరం పాటు హాయిగా బతికింది. "పోయేవాళ్లకు కరువేముంది" అనేవాడు చిన్‌హాయ్, మగ్గాల హోరులో. ఆ తర్వాత సముద్రం అవతలి నుంచి చవక సరుకు కంటెయినర్లలో దిగటం మొదలైంది. చచ్చినవాళ్లు కూడా చవక సరుకుకే మళ్లారు. మిల్లులో నాలుగు మగ్గాలు మిగిలాయి. వాటిలోనూ రెండు తిరిగితే రెండు నిద్రపోయేవి.

చిన్‌హాయ్ కోడలు పేయ్‌షాన్ తైపేలో ప్రకటనల కంపెనీలో పనిచేసి వచ్చిన మనిషి. మొగుడికి మైలియావ్ రిఫైనరీలో షిఫ్టులు. ఇంట్లో అత్తమామలతో పొద్దుపోక మిల్లులోకి తొంగిచూసిందని ఊళ్లో అంటారు. తొంగిచూసిన మనిషి బయటికి రాలేదు. ఇక్కడి నూలుతో ఇక్కడే నేసి, పక్క ఊళ్లో రంగు వేయించి, ‘మెత్తన’ అని పేరుపెట్టి తువ్వాళ్లు అమ్మటం మొదలుపెట్టింది. ఆమె కోరిక ఒకటే. హువేయ్‌లో నేసిన తువ్వాలుతో హువేయ్ మనుషులు మొహం తుడుచుకోవాలి.

మనుషులు తువ్వాలు మెచ్చుకునేవాళ్లు, చేత్తో రాసి చూసేవాళ్లు, పక్కన పెట్టి సబ్బు కొనుక్కుని వెళ్లేవాళ్లు. తమకోసం కొనుక్కునేవాళ్లు కొద్దిమంది. ఒకరికి బహుమతిగా ఇవ్వటానికి కొనేవాళ్లు అసలే లేరు. బహుమతులు లేకుండా చిన్న బ్రాండు బతకదు.

ఒకరోజు ఏజెంటొకడు వచ్చి కూర్చున్నాడు. పైదేశంలో నేయించి తెస్తాం, మీ పేరు మీరు కుట్టుకోండి అన్నాడు.

"అప్పుడు మనం చేసే పనేమిటి?" అంది పేయ్‌షాన్.

"పేరు కుట్టటం," అన్నాడు మామగారు. "అదీ పనేగా."

"మామయ్యా!"

"నాకేం సరదా కాదమ్మా. తిరగని మగ్గం తుప్పు పడుతుంది. తుప్పు పట్టాక పాత ఇనుప కొట్టు లిన్ కూడా ముట్టుకోడు. కొత్త సంవత్సరం వెళ్లగానే వచ్చి పట్టుకుపోతానన్నాడు. ఈలోగా ఏడాది పొడుగునా మగ్గం ఆగకుండా నడిచే ఆర్డరు తెచ్చావా, లిన్‌ని రావద్దంటాను. తేలేదా, ఆ ఏజెంటు సరుకు మీద పేరు కుడదాం."

మాట నెమ్మదిగానే అన్నాడు. అలా నెమ్మదిగా అన్న మాట మార్చటం ఆయనకు చేతకాదని ఇంట్లో అందరికీ తెలుసు.

మిల్లు వెనక గదికి తెల్లసున్నం వేయించి పేయ్‌షాన్ దాన్ని మెత్తన బ్రాండు గది చేసింది. అక్కడ మడతపెట్టి పెట్టెల్లో సర్దే పని అత్తగారు ఆహున్‌ది, ఆవిడ స్నేహితురాలు ఆథోది. ఇద్దరూ పెళ్లయిన కొత్తల్లోంచీ మిల్లులో మడతలు పెట్టినవాళ్లు. మొదటిరోజే పేయ్‌షాన్ గుమ్మంలో నిలబడి చెప్పింది: "అత్తయ్యా, ఇది కొత్త బ్రాండు. పాత పెట్టెలు, పాత దారాలు, పాత మాటలు, అన్నీ ఈ తలుపు అవతలే ఉండిపోవాలి."

"చేతులు కూడా అవతలే పెట్టి రానా?" అంది ఆహున్.

పేయ్‌షాన్ నవ్వేసింది. నవ్వకుండా ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

*

తౌలియూలో, పురుడయ్యాక తల్లులు నెలరోజులు ఉండే బాలింతల సదనం నడిపే ఫాంగ్ మేడం తువ్వాలును వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని, వాసన చూసి, కొరకటం ఒక్కటీ మానేసి కిందపెట్టింది. సదనంలో నువ్వులనూనె కోడిపులుసు వాసన కమ్మగా వస్తోంది.

"సరుకు బాగుందమ్మా. కానీ తువ్వాలు! నెల నిండిన వేడుకలో తువ్వాలు పంచితే, పిల్లకేమైందని అడగరూ?"

"ఇది మొహం తుడుచుకునేది కాదు మేడం. చంటిపిల్లకి నీళ్లు పోసి చుట్టేది. పెట్టె మీద బాతుపిల్ల ఉంది చూడండి."

"బాతుపిల్లని చూసి ఊరుకుంటారంటావు."

"చావింటి పెట్టె మీద బాతుపిల్లని వేసేవాళ్లు లేరు కదా మేడం."

ఫాంగ్ మేడం ఆ మాటకు కాసేపు నవ్వింది. "సరే. ఖో వాళ్లింట్లో పాపకి నెల నిండుతోంది. వచ్చినవాళ్లకి నూనె అన్నం, ఎర్రరంగు వేసిన కోడిగుడ్లతోపాటు నీ పెట్టె ఒకటి. ఇంట్లో ముత్తవ్వ ఉంది, ఆవిడ మెచ్చుకుంటే తౌలియూ మొత్తం మెచ్చుకున్నట్టే. ఆ తర్వాత నా దగ్గర్నుంచి ఇంటికి వెళ్లే ప్రతి బాలింత చేతిలోనూ నీ పెట్టె ఉంటుంది. నా దగ్గర మంచాలు ఖాళీ ఉండవు, తెలుసుగా."

పేయ్‌షాన్ దారంతా స్కూటరు మీద పాడుకుంటూ వచ్చింది. మామగారికి చెబితే ఆయన ‘ఊఁ’ అన్నాడు. ఆయన ఊఁలలో అది కాస్త మేలురకం.

ఆ వారమంతా ఆహున్, ఆథో కబుర్లు చెప్పుకుంటూ మడతలు పెట్టారు. పేయ్‌షాన్ ఒకటి తీసి వెలుగులో పెట్టి చూసింది. అంచులు లోపలికి పోయి, నాలుగు వైపులా గీత గీసినట్టు సమంగా ఉంది. "ఎంత అందంగా మడిచారత్తయ్యా!" అని ఫొటో తీసి మెత్తన పేజీలో పెట్టింది కూడా. తైపేలో ఉన్న పాత సహోద్యోగులు ఎర్రగుండెలు కురిపించారు.

వేడుక రోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"నువ్వు పెట్టె తెరిచి చూశావా?" ఫాంగ్ మేడం గొంతులో కోడిపులుసు చల్లారిపోయింది.

"చూశాను మేడం. ఏం, చిరిగిందా?"

"చిరిగితే బాగుండేది. ఖో అవ్వ తెరిచింది. తెరిచి కేక పెట్టింది. పెట్టెని గేటు అవతలికి విసిరేసింది. తొంభయ్యేళ్ల మనిషి అంత దూరం విసురుతుందని ఎవరం అనుకోలేదు. పాప తల్లి ఏడుస్తోంది, చుట్టాలు పెట్టెలు చంకలో పెట్టుకోవాలో పారెయ్యాలో తెలీక చెట్టు కింద నిలబడ్డారు. నాకు ఫోన్ చెయ్యకు." అని ఆవిడే పెట్టేసింది.

పేయ్‌షాన్‌కి ఏమీ అర్థం కాలేదు. మిగిలిన పెట్టె ఒకటి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మామగారు ఎదురొచ్చాడు. చూడండి మామయ్యా అని ఆయన చేతిలో పెట్టింది. ఆయన మూత తీశాడు. వెనక్కి తిరిగి స్కూటరు దగ్గరికి వెళ్లి, సీటు ఎత్తి, పెట్టెను లోపల పెట్టి, సీటు మూసి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

*

"చావు మడతే," అంది ఆహున్, గదిలో బల్ల మీద తువ్వాలు పరిచి చూసుకుంటూ. "అంచు లోపలికి, మూడు మడతలు, గీత కిందికి. అయ్యో ఆథో, ఎన్ని పెట్టెలే!"

"అన్నీనే," అంది ఆథో.

"తెలిసి ఎలా చేశారత్తయ్యా?"

"తెలిస్తే కదా! చేతులు మడిచాయి. నేను ఆథో వాళ్ల కోడలి సంగతి వింటున్నాను."

"మంచి సంగతే అది," అంది ఆథో, ఇప్పటికీ సగంలో ఆగిపోయిందన్న బాధతో.

"పోనీ మడత చేతులది. పెట్టెలో ఒంటి తువ్వాలు? మంచికి జత ఉండాలని, ఒంటిది చావుకేనని మీకు తెలీదా?"

"ఒకటే పెట్టమన్నది నువ్వు. అడుగుదామనుకున్నాను. పాత మాటలు తలుపు అవతల అన్నావు. అవతలికి వెళ్లి చెబితే నీకు వినబడదాయె." ఆహున్ అక్కసుతో అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

పేయ్‌షాన్ ఫోను తీసి పేజీలో ఆ ఫొటో చూసింది. ఎర్రగుండెల కింద ఎవరో హువేయ్ పెద్దాయన రాశాడు: ‘ఎవరమ్మా పోయింది, నాకు కబురు రాలేదే.’ ఆమె ఫొటో తీసేసింది. జత పెడితే పెట్టె లావవుతుందని ఒంటిది పెట్టింది తనే. తైపేలో పుట్టినా తనకూ తెలిసిన ఆచారమే. బాతుపిల్ల కాపాడుతుందనుకుంది.

"అత్తయ్యా, పంది కాళ్లు ఉడకబెడదాం," అంది చివరికి.

అపశకునం పట్టిన ఇంటికి పందికాళ్ల సేమ్యా పట్టుకెళ్లకుండా క్షమాపణ చెప్పటం కుదరదు.

ఖో అవ్వ గేటు తియ్యలేదు. గేటు మీద కీడు పోవటానికి కట్టిన ఎర్రగుడ్డ వేలాడుతోంది. కమ్మీల మధ్యనుంచి సేమ్యా గిన్నె మాత్రం లోపలికి తీసుకుంది.

"ఏమే, ఎవరి చేతులవి? మా పసిదానికి చావు మడిచింది ఎవరు?"

"నావే పెద్దమ్మా," అంది ఆహున్. "మీ ఆయన పోయినప్పుడు మడిచింది కూడా ఇవే అనుకుంటా."

పేయ్‌షాన్ అత్తగారి మోచేయి గిల్లింది. ఆహున్ పట్టించుకోలేదు. "అప్పుడేమైనా తేడా వచ్చిందా?"

అవ్వ ఆలోచించింది. "అప్పుడు బాగానే ఉంది," అని ఒప్పుకుంది. "ఆయనకి అదే సరైన మడత. దీనికి కాదు. ఇది మొన్న పుట్టిందే!"

"కాదు కాబట్టే వచ్చాం. ఏం చెయ్యమంటే అది చేస్తాం."

"ఇచ్చిన చేత్తోనే మార్చాలి. నూనె అన్నం తిన్న ప్రతివాళ్ల ఇంటికీ వెళ్లండి. ఒంటిదాన్ని జత చెయ్యండి, ఆ మడత విప్పి ఎర్రదారం కట్టండి, పిల్ల పేరు చెప్పి నాలుగు పాదాలు మంచిమాట చెప్పండి. కొత్త సంవత్సరం లోపల అయిపోవాలి. చివర నా దగ్గరికి రండి. అప్పుడు గేటు తీయాలో వద్దో చూస్తాను."

లోపల మెట్ల మీద ఫాంగ్ మేడం నిలబడి ఉంది. పొమ్మని అనలేదు. పేయ్‌షాన్ అంతటితోనే సంతోషపడి బయల్దేరింది.

*

జతకు జత కావాలంటే నేయాలి. చిన్‌హాయ్ నిద్రపోతున్న మగ్గాలకు నూనె పోసి లేపాడు.

"పొరపాటు దిద్దుకోవటానికి మగ్గం నడిపినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే," అని అరిచాడు హోరులోంచి. అరుస్తూనే దారం తెగినచోట ముడివేసి, నేసిన గుడ్డను వెలుగుకు పట్టి చూసి, ఒక చోట పోగు వదులైందని మళ్లీ నేశాడు. ఏజెంటు సరుకు మీద పేరు కుట్టుకుందామన్న మనిషి వదులు పోగు చూసి ఊరుకోలేకపోవటం పేయ్‌షాన్ గమనించింది. కొన్నిటిని గమనించినట్టు కనిపించకూడదని ఆ ఇంట్లో నేర్చుకుంది.

మొదటి ఇల్లు చక్కెర మిల్లులో రిటైరైన ఒకాయనది. పెట్టెను ఇంట్లోకి తేలేక, పారేస్తే మరీ కీడని భయపడి, జామచెట్టు కొమ్మకు వేలాడదీశాడు. చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని దించి ఇచ్చాడు.

ఆహున్ తువ్వాలు విప్పింది, రెండోది జతపెట్టింది, మడిచింది. చూసుకుంటే మళ్లీ చావు మడతే. తన చేతి మీద తనే ఒకటి వేసుకుంది.

"మీ చేతుల్ని ఒంటరిగా వదిలితే ఇంతే," అంది పేయ్‌షాన్. "నేనో కొస పట్టుకుంటాను, మీరో కొస పట్టుకోండి."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి లాగారు. ఒక కొస ఇంకొకళ్ల చేతిలో ఉంటే ఆహున్ చేతులకు పాత దారి దొరకలేదు. రెండు తువ్వాళ్లూ ఒకదాని మీద ఒకటి పరిచి, ఈ కొసనుంచి ఒకరు, ఆ కొసనుంచి ఒకరు చుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. ఎర్రదారం కడితే పక్కపక్కన పడుకున్న కవల పిల్లల్లా ఉంది. అది కొత్త మడతో పాత మడతో ఇద్దరికీ తెలీదు.

ఇక నాలుగు పాదాలు. పెళ్లిళ్లలో పేరంటాళ్లు చెప్పే ఆ మాటలు ఆహున్ జీవితంలో చెప్పి ఎరగదు. చావు తువ్వాళ్ల వ్యాపారస్తురాలిని ఎవరు పిలుస్తారు చెప్పమని? గొంతు సవరించుకుంది.

"తువ్వాళ్లు రెండు, ఎర్రదారం మెండు,
బుజ్జిదాని బుగ్గ బియ్యప్పిండి ఉండ,
తడి ఆరేలోపు తప్పటడుగులు,
ముత్తవ్వ చూస్తుండగా ఆరుగురు మనవలు!"

చక్కెర మిల్లాయన నోరు తెరిచాడు. ఆయన భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఇంకోసారి చెప్పవూ?" అంది.

"ఎప్పుడు కట్టారత్తయ్యా ఇది?" అంది పేయ్‌షాన్ బయటికొచ్చాక.

"ఎక్కడ కట్టాను? నోరు మడిచింది," అంది ఆహున్, స్కూటరు ఎక్కుతూ.

తర్వాతి ఇళ్లలో భయం తగ్గుతూ వచ్చింది. కబురు వాళ్లకంటే ముందు వెళ్లిపోతోంది. నాలుగో పాదం కోసం పక్కింటివాళ్లు కూడా గోడమీదనుంచి తలలు పెట్టేవాళ్లు. ఒకామె టీ కాచి, పుచ్చగింజలు పోసి కూర్చోబెట్టింది. ఇంకొకామె పేయ్‌షాన్‌ని పక్కకి లాగి గుసగుసగా అడిగింది: "మా అమ్మాయికి వచ్చే నెల పురుడు. ముందు చావు మడత ఇచ్చి తర్వాత మార్చటమే పద్ధతా, లేక నేరుగా మంచిదే ఇస్తారా?"

"నేరుగా మంచిదే ఇస్తామండీ," అంది పేయ్‌షాన్, నవ్వు ఆపుకుంటూ.

"అంతే అయితే మాకు చాలా పెట్టెలు కావాలి."

*

చివర ఖో అవ్వ ఇల్లు. ఆవిడ ముందే వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. గేటు తీసే ఉంది. ఒళ్లో పాప. ఫాంగ్ మేడం కూడా వచ్చింది. ఏ పనిమీద వచ్చిందో చెప్పకుండా మొక్కలు చూస్తున్నట్టు నటిస్తోంది.

అత్తాకోడళ్లు ఎదురెదురుగా నిలబడి చుట్టారు, దారం కట్టారు. ఆహున్ పాప పేరు చెప్పి నాలుగు పాదాలు అందుకుంది. ఆరుగురు మనవలు దాకా వచ్చేసరికి అవ్వ చేయెత్తింది.

"ఆగవే. ఇది పెరిగి, పెళ్లాడి, కని, వాళ్లు కని, ఆరుగురయ్యేదాకా నేను చూస్తూ కూర్చోవాలా? నాకేం వేరే పని లేదనుకున్నావా?"

"ఎందుకు కూర్చోరు? గేటు అవతలికి పెట్టె విసిరిన చేయి మీది."

అవ్వ నవ్వింది. మొదలుపెడితే ఆగలేదు. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. చేతికందినది పట్టుకుని మొహం తుడుచుకుంది, కళ్లు, ముక్కు, గడ్డం, మెడ. పాప మూతి కూడా ఆ కొసతోనే తుడిచింది. చేతికందినది మెత్తన తువ్వాలు. వాకిట్లో ఉన్నవాళ్లందరూ చూశారు. అవ్వ ఒక్కతే చూడలేదు. పేయ్‌షాన్ కదల్లేదు. కదిలితే ఎక్కడ గుర్తుకొచ్చి కిందపెడుతుందోనని.

అవ్వ తువ్వాలు భుజాన వేసుకుంది. "నీళ్లు బాగా పీలుస్తోందే," అంది. "లోపలికి రండి. సేమ్యాలో ఉప్పు తక్కువైంది, ఆ రోజే చెబుదామనుకున్నాను."

గుమ్మం దగ్గర ఫాంగ్ మేడం పేయ్‌షాన్‌ని ఆపింది. "పెట్టెకి రెండు. ఎర్రదారం. ఆ మాటలు కాగితం మీద అచ్చువేసి లోపల పెట్టు. ఈ నెల నుంచే మొదలుపెట్టగలవా? మా వాళ్లందరికీ, ఏడాది పొడుగునా."

"అచ్చువేస్తే ఎవరికి వినబడతాయి?" అని అందుకుంది ఆహున్. "నోటితో చెప్పాలి. అయినా ప్రతి పిల్లకీ అవే మాటలా? మగపిల్లాడికి బుగ్గలు కుదరవు."

"అయితే మీరే రండి అమ్మా. నెలకోసారి సదనానికి వచ్చి చెప్పి వెళ్లండి."

"చూడాలి. గదిలోకి పాత మాటలు రానిస్తారో లేదో మా కోడల్ని అడగాలి."

పేయ్‌షాన్ ఎర్రబడిపోయింది. "తలుపే తీసేయిస్తానత్తయ్యా," అంది.

ఇంటికి వచ్చేసరికి మిల్లులో నాలుగు మగ్గాలూ తిరుగుతున్నాయి. చిన్‌హాయ్ ఒక చెవిలో వేలు, ఒక చెవికి ఫోను పెట్టుకుని అరుస్తున్నాడు.

"వినబడట్లేదు లిన్! మగ్గం నడుస్తోంది! ... ఆపితే వినబడుతుందని నాకూ తెలుసు. ఆపను. ... ఎప్పుడు రావాలా? ఇప్పుడప్పుడే వద్దు. ... ఎప్పుడన్నది చెప్పలేను!"

ఫోను జేబులో వేసుకుని కోడలి వంక చూశాడు. ఆమె మొహం చూశాక ఇక ఏమైందని అడగలేదు.

"నూలు ఎంత పంపమన్నావు?" అన్నాడు.

"మూడు నెలలకి సరిపడా, మామయ్యా."

ఆయన మగ్గం మీద వంగి, నేసిన గుడ్డ అంచును వేళ్లతో తడిమి చూసుకున్నాడు.

"చాలదు," అన్నాడు.